మాస్కోలో హోరోవిట్జ్, 1986: ఆ పియానో కచేరీ రికార్డింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పియానో సంగీతం కొత్తగా వినాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఈ రికార్డింగే. విన్నవాళ్ల దగ్గర్నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లండి.

## వినే ముందు

అసలు ఏమిటీ రికార్డింగ్? ఎందుకంత పేరు?

1986 ఏప్రిల్ 20, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి మాస్కో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) గ్రేట్ హాల్లో వ్లాదిమీర్ హోరోవిట్జ్ ఒక్కరే కూర్చుని పియానో వాయించారు. అప్పటికి ఆయనకి 82 ఏళ్లు. పుట్టిన దేశం వదిలి 61 ఏళ్లయింది. మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు. ఆ కచేరీని డాయిచె గ్రామోఫోన్ కంపెనీ 'హోరోవిట్జ్ ఇన్ మాస్కో' పేరుతో విడుదల చేసింది. 1988లో దానికి ఉత్తమ శాస్త్రీయ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది.

అవార్డు సంగతి అలా ఉంచండి. 18వ శతాబ్దపు స్కార్లాటీ దగ్గర మొదలై, మొజార్ట్, లిస్ట్, షోపాన్, షూమన్, స్క్రియాబిన్ మీదుగా 1911 నాటి రాఖ్మానినోవ్ పోల్కా దాకా, ఒకే మనిషి ఒకే వాద్యం మీద గంటన్నర లోపు మనల్ని తిప్పి తీసుకొస్తాడు. ఒక్కో రచయిత దగ్గరికి రాగానే ఆ చేతి స్పర్శ మారిపోతుంది. ఆ మార్పు చెవికి పట్టిందంటే ఈ సంగీతంలో మీకు దారి దొరికినట్టే.

హోరోవిట్జ్ ఎవరు? అన్నేళ్లు ఎందుకు వెళ్లలేదు?

ఆయన 1903లో పుట్టి, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కీవ్‌లో పెరిగారు. రష్యా విప్లవం తర్వాత కుటుంబం ఆస్తి పోయింది. 1925లో చదువు పేరు చెప్పి బెర్లిన్ వెళ్లి, అక్కడే ఆగిపోయారు. 1928 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో చైకోవ్‌స్కీ కన్సర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన) వాయించడంతో అమెరికాలో పేరు మోగిపోయింది. తర్వాత ఇటలీ కండక్టర్ ఆర్తురో తోస్కానీని కూతురు వాండాని పెళ్లి చేసుకున్నారు.

ఇంటి దగ్గర మాత్రం పరిస్థితి వేరు. తండ్రి స్టాలిన్ కాలంలో అరెస్టయి నిర్బంధంలోనే చనిపోయారు. పియానిస్టయిన అక్క రెజీనా 1984లో పోయారు. అంటే తమ్ముడు తిరిగొచ్చేసరికి ఆవిడ లేరు. 1985 నవంబరులో జెనీవాలో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచోవ్ కలిశాక రెండు దేశాల మధ్య కళాకారుల రాకపోకలకి మళ్లీ దారి తెరుచుకుంది. చనిపోయే లోపు పుట్టిన దేశం చూడాలని ఉందని ఆయన బాహాటంగానే చెప్పారు.

నాకు పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు కూడా రావు. వింటే అర్థమవుతుందా?

అవుతుంది. ఇందులో ఎక్కువ భాగం చిన్న చిన్న రచనలే, ఒక్కోటీ కొన్ని నిమిషాలు. మూడు భాగాల మొజార్ట్ సొనాటా (వాద్యానికి రాసిన రచన) ఒక్కటే కాస్త పెద్దది. సిద్ధాంతం ఏమీ చదవకుండా ముందు రెండు సార్లు వినండి. మొదటిసారి పై స్వరాన్ని పట్టుకోండి, రెండోసారి ఎడమ చెయ్యి ఏం చేస్తోందో వినండి. అంతే చాలు.

కర్ణాటక సంగీతానికి అలవాటు పడిన చెవి నాది. ఇందులో గమకం లేదు, రాగం లేదు. పొడిపొడిగా అనిపిస్తుందేమో?

ఈ అనుమానంలో న్యాయం ఉంది. పియానోలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు. కీ నొక్కగానే లోపల ఉన్ని చుట్టిన సుత్తి తీగని కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ క్షణం నుంచి స్వరం తగ్గిపోవడమే తప్ప పెరగడం ఉండదు. వీణ మీదలాగా మోగే తీగని లాగి స్వరాన్ని వంచడానికి వీల్లేదు.

మరి పియానిస్టు చేతిలో ఏముంటుంది? సుత్తి ఎంత వేగంతో వెళ్లి తగలాలి, ఎప్పుడు తగలాలి, ఆ మోత ఎంతసేపు నిలవాలి. ఈ మూడే. వీటితోనే ఆయన స్వరాలు పాడుతున్నాయన్న భ్రమ కలిగిస్తారు. ముందు స్వరం సన్నగిల్లిన మేరకే తర్వాతి స్వరాన్ని అందుకుంటారు. పెడల్‌తో రెండింటినీ కలుపుతారు. కొన్నిచోట్ల పై స్వరాన్ని ఒక్క లిప్తపాటు ఆలస్యం చేస్తారు. అదీకాక ఒకేసారి మూడు నాలుగు స్వర వరుసలు నడుస్తుంటాయి. రాగ విస్తారం కోసం వెతికే చెవిని కాసేపు ఈ వరుసల మీదికి మళ్లించండి. పొడిగా అనిపించదు.

సీడీ వినాలా, వీడియో చూడాలా?

సీడీలో కచేరీ మొత్తం లేదు. వీడియోలో మరికొన్ని రచనలున్నాయి. షోపాన్ ఏ-ఫ్లాట్ పొలోనేజ్ వాటిలో ఒకటి. నా మాటైతే ముందు ఆడియో వినండి, తర్వాత వీడియో చూడండి. వీడియోలో ఆయన ముఖం, హాల్లో జనం, వాళ్ల కన్నీళ్లు అన్నీ మన ధ్యాసని లాగేసుకుంటాయి. అది తప్పని కాదు. కానీ చెవికి మొదటి వంతు ఇవ్వాలి.

ఫోన్‌లో వింటే సరిపోతుందా?

ఫోన్ స్పీకర్‌లో వద్దు. ఎడమ చేతి కింది స్వరాలు సగం వినిపించవు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా ఫర్వాలేదు. యాప్‌లో శబ్దాన్ని సమం చేసే సెట్టింగ్, బాస్ పెంచే సెట్టింగ్ ఏవైనా ఉంటే తీసేయండి. ఈ రికార్డింగ్ ప్రాణమంతా చిన్న శబ్దానికీ మరీ చిన్న శబ్దానికీ మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

## కార్యక్రమం గురించి

ఒకే కచేరీలో ఇన్ని కాలాల రచనలు ఎందుకు కలిపారు? కలగూరగంప అనిపించదా?

వరస చూస్తే అలా అనిపించదు. మన కచేరీ వర్ణంతో మొదలై, కృతుల్లో నిండుగా నడిచి, చివర తుకడాలతో తేలికపడినట్టే ఇక్కడా ఒక నడక ఉంది. స్కార్లాటీతో వేళ్లూ చెవులూ తేరుకుంటాయి. మొజార్ట్‌లో నిర్మాణం వస్తుంది. ఆ తర్వాత రాఖ్మానినోవ్, స్క్రియాబిన్‌లతో రష్యా. విరామం తర్వాత లిస్ట్, షోపాన్. జనం వదలకపోతే అదనంగా వాయించడానికి షూమన్, మోష్కోవ్‌స్కీ, రాఖ్మానినోవ్ పోల్కా.

కాలక్రమం పాటించలేదన్నది గమనించండి. 1910 నాటి రాఖ్మానినోవ్ ముందు వస్తాడు, 1830ల షోపాన్ తర్వాత వస్తాడు. పాఠం చెప్పే ఉద్దేశం ఉన్నవాళ్లు తేదీల ప్రకారం పేరుస్తారు. ఆయన వినేవాళ్ల మనసు ఎక్కడ బరువెక్కాలి, ఎక్కడ తేలికపడాలి అన్నదాన్ని బట్టి పేర్చారు. అందుకే షఫుల్‌లో పెట్టి వినొద్దని మరీ మరీ చెప్తాను.

కె. 380, ఓపస్ 32 లాంటి అంకెలు ఏమిటి? స్కార్లాటీకీ మొజార్ట్‌కీ ఇద్దరికీ 'కె' ఎందుకుంది?

ఇద్దరి 'కె'లూ వేరు. మొజార్ట్ రచనలకి 1862లో క్యోషెల్ అనే ఆయన జాబితా వేశారు. స్కార్లాటీ సొనాటాలు 555కి 1953లో రాల్ఫ్ కిర్క్‌పాట్రిక్ అంకెలు ఇచ్చారు. ఓపస్ అన్నది రచన అచ్చుకి వెళ్లినప్పుడు ఇచ్చే సంఖ్య. వెతికేటప్పుడు రచయిత పేరు, ఈ అంకె కలిపి కొడితే సరైన రచన దొరుకుతుంది.

స్కార్లాటీ కాలంలో పియానో లేదు కదా. ఆయన సంగీతం పియానో మీద వాయించడం తప్పు కాదా?

బొత్తిగా లేదనలేం. ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి 1700 ప్రాంతంలోనే మొదటి పియానోలు తయారు చేశాడు. స్కార్లాటీ నేపుల్స్‌లో పుట్టి, పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరాకి గురువై, ఆవిడ స్పెయిన్ కోడలుగా వెళ్తే వెంట వెళ్లి 1757లో మాడ్రిడ్‌లోనే చనిపోయాడు. ఆవిడ దగ్గర ఫ్లోరెన్స్ పియానోలు కూడా ఉండేవి. అయినా ఈ సొనాటాల్లో ఎక్కువ భాగం హార్ప్‌సికార్డ్ అనే కీల వాద్యం కోసం రాసినవే అనుకోవాలి. అందులో తీగని సుత్తి కొట్టదు, చిన్న ములుకు మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లిగా నొక్కినా శబ్దంలో పెద్ద తేడా రాదు.

కె. 380లో దూరంగా కొమ్ముబూరలు ఊదుతున్నట్టుండే ఒక లయ పదే పదే వస్తుంది. హార్ప్‌సికార్డ్ మీద ఆ దూరాన్ని వినేవాడు ఊహించుకోవాలి. పియానో మీద హోరోవిట్జ్ దాన్ని నిజంగానే దూరం చేసి, దగ్గరికి తెచ్చి, మళ్లీ దూరం చేస్తారు. హార్ప్‌సికార్డ్ మీద వినడం నాకూ ఇష్టమే. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనే తగాదా మాత్రం ఈ నాలుగు నిమిషాల ముందు నిలవదు.

మొజార్ట్ సొనాటా మరీ తేలికగా ఉందే. పిల్లలు కూడా వాయిస్తారు కదా?

స్వరాల వరకు చూస్తే సంగీతం నేర్చుకునే పిల్లలు వాయించగలిగేదే. కె. 330 సొనాటా 1784లో వియన్నాలో అచ్చయింది. స్వరాలు తక్కువ కాబట్టి దాక్కోవడానికి చోటు ఉండదు, అదే ఇందులో కష్టం.

రెండో భాగం ఆండాంటే మీద మనసు పెట్టండి. ఎఫ్ మేజర్‌లో (ఎఫ్ ఆధారస్వరంగా, వెలుగ్గా వినిపించే స్వరశ్రేణి) ప్రశాంతంగా మొదలవుతుంది. మధ్యలో దిగులు ధ్వనించే ఎఫ్ మైనర్‌లోకి దిగి, లోలోపల గొణుక్కుంటున్నట్టు ఒకే స్వరం మళ్లీ మళ్లీ వస్తుంది. తర్వాత మొదటి పాట తిరిగొస్తుంది. అక్కడితో అయిపోయిందనుకునే చోట ఇంకో నాలుగు బార్లున్నాయి (బార్ అంటే లయలో ఒక ఆవర్తం). ఇందాకటి ఆ మైనర్ ముక్కే ఇప్పుడు మేజర్‌లో వస్తుంది. మొజార్ట్ చేతిరాత ప్రతిలో ఈ నాలుగు బార్లు లేవు, అచ్చు ప్రతిలో వచ్చి చేరాయి. అవి లేకపోతే ఆ దుఃఖం మధ్యలో వదిలేసినట్టుండేది. హోరోవిట్జ్ ఈ చివరి బార్లని దాదాపు ఊపిరి స్థాయిలో వాయిస్తారు. వాల్యూమ్ పెంచకండి, గదిలో ఫ్యాన్ ఆపండి.

రాఖ్మానినోవ్, స్క్రియాబిన్ నాకు ఒకేలా వినిపిస్తున్నారు. తేడా ఎలా పట్టుకోవాలి?

ఇద్దరూ మాస్కో కన్సర్వేటరీలో సహాధ్యాయులు, 1892లో బంగారు పతకాలతో బయటికొచ్చినవాళ్లు. అంటే ఈ కచేరీ జరిగింది వాళ్లు చదువుకున్న సంస్థలోనే. ఆ హాలు మాత్రం తర్వాత, 1901లో తెరిచారు.

తేడాకి గుర్తులు చెప్తాను. రాఖ్మానినోవ్ జి మేజర్ ప్రెల్యూడ్‌లో (ప్రెల్యూడ్ అంటే చిన్న స్వతంత్ర రచన) ఎడమ చెయ్యి అయిదేసి స్వరాల గుంపులుగా నీళ్లలా కదులుతుంటుంది, పైన కుడి చెయ్యి దాంతో పనిలేనట్టు తన దారిన పాడుకుంటుంది. జి-షార్ప్ మైనర్ ప్రెల్యూడ్‌లో సరిగ్గా తలకిందులు. కుడి చెయ్యి పైన గలగలలాడుతుంటే పాట ఎడమ చేతిలో, కింద నుంచి వస్తుంది. రెండింటిలోనూ రాఖ్మానినోవ్ పాట పొడుగ్గా సాగుతుంది, ఎక్కడా తొందరపడదు.

స్క్రియాబిన్ అలా ఆగలేడు. ఓపస్ 2లోని సి-షార్ప్ మైనర్ ఎట్యూడ్ (ఒక మెళకువని సాధన చేయించే రచన) ఆయన పదిహేనేళ్ల వయసులో రాసింది. అప్పటికే అందులో దట్టమైన దిగులుంది. ఓపస్ 8లోని డి-షార్ప్ మైనర్ ఎట్యూడ్‌లో ఎడమ చెయ్యి దూరాలు దూకుతుంది, చివరికొచ్చేసరికి రెండు చేతులూ ఒకేసారి మోగే ఒకే స్వరాల గుంపుని ఆగకుండా కొడతాయి. కుర్రతనంలో హోరోవిట్జ్ స్క్రియాబిన్ ముందు కూర్చుని వాయించారు. 1986 ప్రయాణంలో మాస్కోలోని స్క్రియాబిన్ ఇంటికి, ఇప్పుడది మ్యూజియం, వెళ్లి ఆయన పియానో మీద వాయించి వచ్చారు. ఆ సందర్భంలో స్క్రియాబిన్ కూతురు అక్కడే ఉన్నారు.

లిస్ట్ రాసినదానికి 'పెట్రార్క్ సానెట్' అని పేరేమిటి? పద్యానికీ పియానోకీ ఏం సంబంధం?

పెట్రార్క్ 14వ శతాబ్దపు ఇటాలియన్ కవి. ఆయన 104వ సానెట్‌లో (పద్నాలుగు పంక్తుల పద్యం) ప్రేమలో పడ్డవాడు తన అవస్థ చెప్పుకుంటాడు. శాంతి లేదు, యుద్ధం చేయడానికి ఆయుధమూ లేదు. మండుతున్నాడు, అదే సమయంలో మంచులా ఉన్నాడు. లిస్ట్ దీన్ని ముందు గాత్రానికి పాటగా కట్టి, తర్వాత మాటలు తీసేసి పియానోకి మలిచాడు. ఆ పద్యం తెలిస్తే, సంగీతం ఉన్నట్టుండి ఎగసిపడి అంతలోనే గొంతు తగ్గించేయడం ఎందుకో అర్థమవుతుంది.

మజుర్కా అంటే నాట్యం కదా. ఇదేమిటి ఇంత దిగులుగా ఉంది?

మజుర్కా పోలండ్ పల్లె నాట్యం. మూడు బీట్ల లయ, కానీ ఊనిక మొదటి బీట్ మీదే ఉండాలని లేదు. రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. షోపాన్ 1830 నవంబరులో వార్సా వదిలాడు, మళ్లీ తిరిగి వెళ్లలేదు. పారిస్‌లో ఉంటూ జీవితాంతం మజుర్కాలు రాస్తూనే ఉన్నాడు. యాభైకి పైనే ఉన్నాయి. ఆడటానికి కాదు, ఆ ఊరిని తలుచుకోవడానికి.

సి-షార్ప్ మైనర్ మజుర్కా, ఓపస్ 30 నంబరు 4, చివర్లో చెవి పెట్టండి. చేతులు రెండూ ఒక్కో అర స్వరం చొప్పున కిందికి దిగుతూ వస్తాయి. ఆ దిగడంలో కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. రాఖ్మానినోవ్ కూడా 1917లో రష్యా వదిలి మళ్లీ వెళ్లలేదు, 1943లో అమెరికాలోనే పోయాడు. ఇలాంటి వాళ్ల సంగీతాన్ని, తిరిగి వెళ్లగలిగిన ఒకాయన ఆ గడ్డ మీద వాయిస్తున్నాడన్నది మనసులో ఉంచుకుని వింటే ఈ కచేరీ మరోలా వినిపిస్తుంది.

## వింటున్నప్పుడు

పియానో శబ్దం మిగతా రికార్డింగుల్లా లేదు. ఏమైనా ప్రత్యేకమా?

అవును. ఆయన న్యూయార్క్ ఇంట్లోని సొంత స్టైన్‌వే పియానోని విమానంలో మాస్కోకి తీసుకెళ్లారు. శ్రుతి చేసే నిపుణుడు ఫ్రాంజ్ మోర్ కూడా వెంట వెళ్లారు. ఆ పియానో కీలు చాలా తేలికగా దిగేలా సర్దించుకున్నారు హోరోవిట్జ్. అంత తేలిక పియానో అలవాటు లేనివాళ్ల చేతిలో అదుపు తప్పుతుంది. ఆయన చేతిలో కింది స్వరాలు ఉరుముతాయి, పై స్వరాలు మెరుస్తాయి, మధ్యలో గుసగుసలకీ చోటుంటుంది.

వేళ్లు చాచి, చదునుగా పెట్టి వాయిస్తున్నారు. మా పాప టీచరు వేళ్లు గుండ్రంగా వంచమంటారు. ఎవరిది ఒప్పు?

టీచరు చెప్పిందే వినమనండి. హోరోవిట్జ్ మణికట్టు కిందికి ఉంచి, వేళ్లు చాచి, చిటికెనవేలు ముడిచిపెట్టి, అవసరమైనప్పుడు ఒక్కసారిగా విప్పి కొట్టేవారు. అది ఆయన శరీరానికి ఆయన కనిపెట్టుకున్న పద్ధతి.

ఇంకోటి కూడా చూడండి. అంత శబ్దం వస్తున్నా భుజాలు కదలవు, ముఖంలో కష్టం కనిపించదు.

అక్కడక్కడా తప్పు స్వరాలు పడుతున్నాయి. ఇంత పేరున్న రికార్డింగ్‌లో అదేమిటి?

పడ్డాయి, దాచేదేమీ లేదు. వేగంగా దూకే చోట్ల పక్క కీ తగిలింది. అయితే ఈ కచేరీ ముందు కథ తెలుసుకోవాలి. 1983లో హోరోవిట్జ్ ఆరోగ్యం బాగాలేక, మందుల మత్తులో ఇచ్చిన కచేరీలు దారుణంగా విఫలమయ్యాయి. జపాన్‌లో విమర్శకులు మొహమాటం లేకుండా రాశారు. ఆయన వేదిక దిగిపోయారు. ఇక అంతే అనుకున్నారు అందరూ. రెండేళ్లకి మందులు మానేసి మళ్లీ వచ్చారు, వచ్చినవాడు వేరే పియానిస్టు. మునుపటి ఉరుముల వేగం తగ్గింది, మెత్తదనం పెరిగింది.

స్వరం తప్పకుండా వాయించే రికార్డింగులు ఇవాళ కావలసినన్ని దొరుకుతాయి. మొజార్ట్ ఆండాంటేని ఇంత మెల్లిగా, ఇంత స్పష్టంగా పలికించేవి తక్కువ. నేను ఈ రికార్డింగ్‌లో వేగం కోసం వెతకను. ఎంత మెల్లిగా వాయించినా హాలు చివరి వరస దాకా ఆ స్వరం ఎలా వెళ్లిందా అని వింటాను.

దగ్గులూ చప్పట్లూ ఎందుకు తీసేయలేదు?

ప్రత్యక్ష కచేరీ కాబట్టి. ఆ రోజు టికెట్లలో చాలా కొద్ది మాత్రమే మామూలు జనానికి అమ్మారు. కన్సర్వేటరీ విద్యార్థులు పోలీసులని తోసుకుని లోపలికి వచ్చి బాల్కనీల్లో కిక్కిరిసి నిలబడ్డారు. మీకు వినిపించే శబ్దాల్లో వాళ్లూ ఉన్నారు.

షూమన్ 'ట్రాయ్‌మెరాయ్' వాయిస్తుంటే జనం ఎందుకు ఏడుస్తున్నారు? అంత చిన్న పాటలో ఏముంది?

నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. 1838లో షూమన్ బాల్యం గురించి రాసిన పదమూడు చిన్న రచనల్లో ఇది ఏడోది. రాసింది 24 బార్లు. హోరోవిట్జ్ వాయించడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

పాట కింద నుంచి ఒక్క ఊపులో పైకెక్కి, మెట్టు మెట్టుగా దిగుతుంది. ఇదే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటిసారి పై ఎఫ్ దాకా వెళ్లి ఆగుతుంది. రెండోసారి ఇంకాస్త చాచి 'ఏ' (A) అనే స్వరాన్ని అందుకుంటుంది. చివర్లో మళ్లీ అదే 'ఏ' దగ్గరికి వస్తుంది, కానీ ఈసారి కింద మోగే స్వరాల గుంపు మారిపోయి ఉంటుంది. ఆ స్వరం మీద కాసేపు నిలబడమని షూమన్ గుర్తు పెట్టాడు. హోరోవిట్జ్ అక్కడ శబ్దం పెంచరు, తగ్గిస్తారు. అందరూ ఎత్తుకునే చోట ఆయన వదిలేస్తారు. నాకైతే ఈ కచేరీ మొత్తంలో ఆ ఒక్క స్వరం చాలు.

రష్యన్లకి ఇంకో కారణం ఉంది. వోల్గోగ్రాడ్‌లో స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకం, మమాయెవ్ కుర్గాన్, దాని హాల్లో వినిపించేది ఈ పాటే. యుద్ధంలో మనిషి పోని ఇల్లు లేని దేశం అది. కదలకుండా కూర్చున్న ఒక పెద్దాయన చెంప మీద కన్నీటి బొట్టు జారడం వీడియోలో కనిపిస్తుంది. ఆయన దేన్ని తలుచుకున్నారో మనం చెప్పలేం.

చివరి రెండూ సర్కస్‌లా ఉన్నాయి. అంత గంభీరమైన కచేరీకి అవి నప్పాయా?

నాకు నప్పాయి. మోష్కోవ్‌స్కీ 'ఎతాంసెల్', అంటే నిప్పురవ్వలు, పేరుకి తగ్గట్టే టపటపమని రాలి మాయమవుతుంది. రాఖ్మానినోవ్ పోల్కా 1911లో రాసింది. వాళ్ల నాన్న వాయించే ట్యూన్ కాబట్టి ఆయనే కట్టాడని రాఖ్మానినోవ్ నమ్మి, పేరులో తండ్రి పేరు పొడి అక్షరాలు పెట్టాడు. నిజానికి ఆ ట్యూన్ ఫ్రాంజ్ బేర్ అనే జర్మన్ రచయితది. హోరోవిట్జ్ దాన్ని వాయిస్తూ నవ్వుతున్న ముఖం చూడండి. కన్నీళ్లు పెట్టించిన జనాన్ని నవ్వించి ఇంటికి పంపాలనుకున్నారు.

## విన్న తర్వాత

తర్వాత ఏమైంది? మళ్లీ రష్యాలో వాయించారా?

వారానికి, ఏప్రిల్ 27న లెనిన్‌గ్రాడ్‌లో రెండో కచేరీ ఇచ్చారు. ముందు రోజు తెల్లవారుజామున చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. ఆయన పెరిగిన కీవ్ అక్కడికి వంద కిలోమీటర్ల దూరమే. ఆ వార్త ప్రపంచానికి తెలిసింది 28న. హోరోవిట్జ్ 1989 నవంబరు 5న న్యూయార్క్‌లో చనిపోయారు, రష్యాకి మళ్లీ వెళ్లలేదు.

మా అబ్బాయి కీబోర్డు నేర్చుకుంటున్నాడు. ఇందులో ఏదైనా వాయించగలడా?

మన ఊళ్లలో పిల్లలు ఎక్కువగా 61 కీల కీబోర్డు మీద మొదలుపెట్టి, ట్రినిటీ లేదా ఏబీఆర్ఎస్ఎమ్ అనే లండన్ సంస్థల సంగీత పరీక్షలు రాస్తుంటారు. ఈ సంగీతానికి 88 కీలుండి, నొక్కితే బరువు తెలిసే కీలు, పెడల్ ఉన్న డిజిటల్ పియానో అయినా కావాలి. కీ వేగాన్ని బట్టి శబ్దం మారని కీబోర్డు మీద ట్రాయ్‌మెరాయ్ వాయిస్తే అందులో ఉండాల్సింది ఏదీ ఉండదు.

కొన్నేళ్లు నేర్చుకున్నాక మొదట ప్రయత్నించదగ్గది ట్రాయ్‌మెరాయ్, తర్వాత మొజార్ట్ కె. 330. స్క్రియాబిన్ డి-షార్ప్ మైనర్ జోలికి ఇప్పుడే వెళ్లనివ్వకండి, చేతులు పాడవుతాయి. ఈలోగా వాడితో కలిసి కూర్చుని వినండి. పరీక్ష టెన్షన్ లేకుండా విన్న సంగీతం పిల్లల్లో ఎక్కువ రోజులు ఉంటుంది.

ఇది నచ్చింది. ఇలాంటివే ఇంకేం వినాలి?

హోరోవిట్జ్‌దే అయితే 1965 మే 9 కార్నెగీ హాల్ కచేరీ. పన్నెండేళ్లు వేదిక ఎక్కకుండా ఉండి తిరిగొచ్చిన రోజది. 1958లో బల్గేరియా రాజధాని సోఫియాలో సోవియట్ పియానిస్టు స్వియతోస్లావ్ రిక్టర్ ఇచ్చిన కచేరీ ఇంకోటి. రికార్డింగ్ నాణ్యత తక్కువ, జనం దగ్గులు ఎక్కువ. అయినా రష్యన్ రచయిత ముసోర్గ్‌స్కీ రాసిన 'పిక్చర్స్' ఆయన వాయించిన తీరు కోసం వినాలి.

ఒక్కటే చెప్పమంటే రొమేనియా పియానిస్టు దీనూ లిపాటీ 1950 సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లోని బెజాన్‌సోన్‌లో ఇచ్చిన కచేరీ చెప్తాను. అందులోనూ బాఖ్, మొజార్ట్, షూబర్ట్, షోపాన్ అని కాలాలు మారుతూ వస్తాయి. లిపాటీకి 33 ఏళ్లు, ఒళ్లంతా జబ్బు, డాక్టర్లు వద్దన్నా వచ్చారు. షోపాన్ వాల్జ్‌లు 14 వాయించాల్సి ఉంటే 13 వాయించేసరికి ఓపిక అయిపోయింది. ఆ డిసెంబరు 2న చనిపోయారు. మొదట బాఖ్ పార్టీటా (నాట్య రచనల మాల) వినండి. అంత జబ్బుతో ఉన్న మనిషి చేతుల్లోంచి వస్తోందని ఎక్కడా తెలియదు.

స్వరలిపి చూస్తూ వినాలనుంది. ఎక్కడ దొరుకుతుంది?

ఈ రచనలన్నీ పాతవి కాబట్టి పాత ముద్రణల స్కాన్లు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఉచిత గ్రంథాలయంలో ఉన్నాయి. రచయిత పేరు, అంకె కొడితే వస్తాయి. రికార్డింగ్‌కి మాత్రం హక్కులున్నాయి, దాన్ని కొనుక్కోవాలి లేదా చందా కట్టే యాప్‌లో వినాలి. స్వరలిపి చదవడం రాకపోయినా ట్రాయ్‌మెరాయ్ ఒక్క పేజీ తెరిచి పెట్టుకోండి. స్వరాలు పైకెక్కి దిగడం కంటికే కనిపిస్తుంది, చివరి వరసలో పెద్ద చుక్క మీద చిన్న గొడుగులాంటి గుర్తున్న చోట ఆ 'ఏ' (A) స్వరం ఉంటుంది.